ఇరవై రకాల మర్యాద: ఒక ఖండన

తెలుగు పట్టణాల్లో పిల్లల పుట్టినరోజు విందు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక అభిప్రాయం తిరుగులేని సత్యంలా వినిపిస్తుంది. వందమందిని పిలిచిన ఇంటివారు వెల్‌కమ్ డ్రింకుతో మొదలుపెట్టి ఐస్‌క్రీము, కిళ్లీ దాకా కనీసం పదిహేను ఇరవై రకాలు పెట్టకపోతే పిలిచి అవమానించినట్టేననీ, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారికి కూడా ఆ మర్యాద దక్కే మార్గం ప్లేటు లెక్కన క్యాటరింగుకు అప్పగించడమేననీ దాని సారాంశం. ప్లేటు లెక్క అంటే ఎన్ని కిలోలు వండారు, ఎంత తిన్నారు అన్న వాటితో నిమిత్తం లేకుండా, ముందుగా ఒప్పుకున్న కనీస సంఖ్యకు తలకు ఇంత అని కట్టే పద్ధతి. ఈ పద్ధతిలో రకాల సంఖ్యే విందు కొలమానమై, ఫలానా వారింట్లో ఎన్ని ఐటమ్స్ పెట్టారన్నదే మరునాటి ముచ్చట అవుతుంది.

ఈ అభిప్రాయమంతా డాంబికమేనని కొట్టిపారేయడం న్యాయం కాదు. దాన్ని సమర్థించేవారి వాదాల్లో బరువున్నవి ఉన్నాయి. రెండు గదుల అపార్ట్‌మెంటులో గాడిపొయ్యి తవ్వడానికి చోటు లేదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో సరుకుల చీటీ రాసి బజారు తిరిగే తీరిక లేదు. వెనకటి విందుల వెనుక తెల్లవారుజాము నుంచి కూరగాయల ముందు కూర్చున్న ఆడవాళ్ల చాకిరీ ఉండేదన్నది ఎవరూ కాదనలేని మాట. అతిథుల్లో శాకాహారులు, మాంసాహారులు, మధుమేహం ఉన్నవారు, పసిపిల్లలు ఉంటారు కనుక అందరికీ ఏదో ఒకటి అందాలన్న ఆలోచనా మంచిదే. ఇన్ని సరైన గమనికలు చేరి చివరకు తప్పు నిర్ణయానికి ఎలా దారితీశాయన్నదే పరిశీలించవలసిన విషయం. అందుకు ఆ అభిప్రాయం ఆధారపడిన వాదాలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

1. "ఒక రకం పెరిగితే ప్లేటుకు పెరిగేది పదిహేను రూపాయలే"

క్యాటరింగు బేరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసే మాట ఇదే. ఇందులోని కిటుకు, మొత్తాన్ని తలతో భాగించి చూపడంలో ఉంది. వంద ప్లేట్ల విందులో పదిహేను రూపాయలంటే 1,500. అలాంటి రకాలు ఎనిమిది చేరితే 12,000. ఈ అంకెను ఒంటరిగా చూస్తే అర్థం కాదు గనుక అసలు ఆకలి తీర్చే సరుకు ఖరీదు పక్కన పెట్టి చూడాలి.

ఆకలి కొలత కోసం ఊహల మీద ఆధారపడనక్కరలేదు. 2021లో పీఎం పోషణ్‌గా పేరు మార్చుకున్న బడి మధ్యాహ్న భోజన పథకం ప్రాథమిక పాఠశాల పిల్లలకు పూటకు 100 గ్రాముల ధాన్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె చొప్పున కొలత నిర్ణయించింది; దాని ఉద్దేశం 450 క్యాలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందించే నిండు పూట భోజనం. పెద్దలకు 150 గ్రాముల బియ్యం లెక్క వేసుకుంటే, అరవైమంది పెద్దలు, నలభైమంది పిల్లలు ఉన్న విందుకు కావలసిన బియ్యం 13 కిలోలు. లోటు రాకుండా పదో వంతు కలిపితే 14 కిలోల 300 గ్రాములు. కిలో 60 రూపాయల చొప్పున అది 858 రూపాయల సరుకు. మాంసాహారం పెట్టే ఇంట్లో పెద్దలకు 150 గ్రాములు, పిల్లలకు అందులో సగం చొప్పున కోడిమాంసం 12 కిలోలు అవుతుంది. కిలో 250 అనుకుంటే 3,000. ధరలు ఊరినీ వారాన్నీ బట్టి మారతాయి, కానీ నిష్పత్తి పెద్దగా మారదు. వందమంది కడుపు నింపే అన్నానికీ కూరకూ మూలమైన సరుకు 4,000 లోపు ఉండగా, "పదిహేను రూపాయలే" అంటూ చేరిన ఎనిమిది రకాలు దానికి మూడు రెట్లు తీసుకుపోతున్నాయి.

మసాలా, నూనె, పెరుగు, ఉల్లి, కూరగాయలకు మరో 3,500, పాయసానికి 1,200, వంటమనిషికీ ఇద్దరు సహాయకులకూ కూలి 5,000, గుండిగలు, గ్యాసు, విస్తళ్లు, నీళ్లకు 3,000 వేసుకున్నా మొత్తం 17,000 దాటదు. ప్లేటు 350 చొప్పున వంద ప్లేట్లు 35,000. దాని మీద క్యాటరింగు సేవకు సాధారణంగా పడే 5 శాతం జీఎస్టీ కలిపితే 36,750. పైగా ప్లేటు లెక్కలో నాలుగేళ్ల పిల్లవాడూ నలభయ్యేళ్ల మనిషీ ఒకటే. అతి బేరమాడితే పిల్లలకు సగం ప్లేటు వేస్తారు. పుట్టినరోజు విందు అంటేనే పిల్లలు ఎక్కువగా వచ్చే విందు. వయసును పట్టించుకోని కొలతను సరిగ్గా అక్కడే వాడి, దాన్ని పొదుపు అనుకోవడం విచిత్రం.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. క్యాటరరు కూడా కూలి ఇస్తాడు, బండి తోలిస్తాడు, నష్టం భరిస్తాడు. అతని లాభాన్ని దోపిడీ అనడం కుదరదు. ఈ వ్యాసం తప్పుపడుతున్నది అతని వృత్తిని కాదు, అతని చేత ఇరవై గిన్నెలు మోయించే కొలమానాన్ని.

2. "అందరికీ ఏదో ఒకటి దొరకాలంటే రకాలు ఎక్కువ ఉండాలి"

వినడానికి ఎంతో ఉదారంగా ఉండే ఈ వాదంలోనే అసలు తర్కదోషం దాగి ఉంది. రకాలు పెరిగితే ఎంపిక పెరుగుతుందన్నది నిజం. ఆ ఎంపికకు ధర ఎవరు, ఎలా చెల్లిస్తున్నారన్న ప్రశ్నను మాత్రం ఈ వాదం దాటవేస్తుంది.

వందమంది తినబోయే అన్నం మొత్తం ఎంతో అంచనా వేయడం తేలిక. ఒకరు ఎక్కువ తింటే మరొకరు తక్కువ తింటారు, హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. అనుభవమున్న వంటమనిషి చేతి అంచనా అయిదారు విస్తళ్ల తేడాతో నిలబడుతుంది. అదే వందమంది ముందు వెజ్ బిర్యానీ, చికెన్ బిర్యానీ, ఫ్రైడ్ రైస్, నూడుల్స్, రోటీ, పులిహోర పక్కపక్కన పెడితే, మొత్తం ఆకలి మారకపోయినా అది ఏ గిన్నె మీదకు మళ్లుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఏ గిన్నే మధ్యలో ఖాళీ కాకూడదంటే ప్రతి గిన్నెకూ విడిగా కొంత అదనం వండుకోవాలి. ఈ అదనాన్ని భరోసా వాటా అనుకుందాం. ఒక్క గుండిగకు ఒక్క భరోసా వాటా సరిపోయేచోట ఆరు గిన్నెలకు ఆరు వాటాలు కావాలి, వాటిలో చాలావరకు మిగలక తప్పదు. విందు ముగిశాక మిగిలిన గిన్నెలను చూసి జనం తక్కువ వచ్చారని నిట్టూర్చే ఇంటివారు, జనం సరిగ్గానే వచ్చినా ఆ మిగులు తప్పేది కాదని గ్రహించరు. రకాల జాబితా రాసిన నాడే అది ఖాయమైంది.

రెండో దోషం తినేవారి వైపు ఉంది. ఒకే రుచిని తింటూ పోతే ఆ రుచి మీద మోజు తగ్గుతుంది, కొత్త రుచి ఎదురైతే కడుపు నిండినా మళ్లీ నోరూరుతుంది. ఈ స్వభావాన్ని ఆహార శాస్త్రవేత్తలు రుచివారీ తృప్తి అనదగిన పేరుతో పిలుస్తారు. 1980ల మొదట్లో బార్బరా రోల్స్, ఆమె సహచరులు ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగాల్లో, ఒకే రకం శాండ్‌విచ్‌లు అందించినప్పటికన్నా వేర్వేరు రకాలు వరుసగా అందించినప్పుడు మనుషులు ఎక్కువ తిన్నారు. బఫేలో ఇది మరో రూపం తీసుకుంటుంది. అన్నీ కనబడతాయి గనుక అన్నీ ఒక్కో గరిటె ప్లేటులోకి చేరతాయి. పనీరు కూర గ్రేవీ గులాబ్ జామూన్‌లో, రైతా నూడుల్స్‌లో కలిసి, మూడోవంతు తిన్న ప్లేటు బుట్టలోకి పోతుంది. 1957 నాటి మాయాబజార్‌లో పెళ్లివిందు రకాలన్నీ ఒక్క ఘటోత్కచుడి కడుపులోకి పోయాయి గనుక ఆ సన్నివేశంలో వృథా అన్నది లేదు. ఆ వసతి ఫంక్షన్ హాలులో ఉండదు.

ఇక పిల్లల సంగతి. రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య పిల్లలు తెలియని పదార్థాన్ని సందేహంగా చూడడం, ముట్టకపోవడం సహజమైన దశ. అలాంటి పిల్లల గుంపు ముందు ఇరవై రకాలు పరిస్తే వారు తినేది తెలిసిన ఒకటి రెండే: కాస్త తెల్లన్నమో, పెరుగో, వేపుడు ముక్కో, కేకో. పిల్లల పేరున జరిగే విందులో పద్దెనిమిది రకాలు పిల్లలతో సంబంధం లేనివన్నమాట. మొదటి పుట్టినరోజు విందులైతే మరీను; రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర కలిపిన పదార్థాలు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఏడాది బిడ్డ పేరున నాలుగు రకాల మిఠాయిలు పెడుతున్నారు.

నిజమైన ఆహారభేదాలు చాలా కొద్ది. మాంసం తినేవారూ తిననివారూ అన్నది మొదటిది. కారం తట్టుకోలేని పిల్లలు రెండోది. తీపి వద్దనేవారు మూడోది. వీటికి ఇరవై రకాలు అక్కరలేదు. విడి గిన్నెలు, విడి గరిటెలతో ఒక మాంసం కూర, ఒక శాకాహార కూర, కారం లేని పెరుగన్నం పెడితే మూడూ తీరిపోతాయి. వేరుశనగపప్పు, జీడిపప్పు పడని పిల్లలు ఉన్నప్పుడైతే తక్కువ రకాల విందే సురక్షితం, ఎందుకంటే ఏ గిన్నెలో ఏముందో వడ్డించేవారికి నోటికి వచ్చి ఉంటుంది. ఇరవై గిన్నెల వెనుక నిలబడ్డ రోజుకూలీ కుర్రవాణ్ణి ఏ గ్రేవీలో జీడిపప్పు ముద్ద కలిసిందో అడిగితే అతను ఏం చెప్పగలడు?

3. "తక్కువ రకాలు పెడితే మర్యాద కాదు"

ఈ మాటను సంప్రదాయం పేరుతో చెప్పడమే దీనిలోని పెద్ద అబద్ధం. తెలుగునాట మర్యాదను కొలిచింది వడ్డనతో. బంతిలో కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా వడ్డించి, మారు అడిగి, వద్దంటున్నా కొసరి వేసి, పెరుగు దాకా అందరూ వచ్చారో లేదో చూసుకుని, ఆ తర్వాతే బంతిని లేవనివ్వడం ఆ పద్ధతి. మారు అంటే రెండోసారి వడ్డన. "ఇంకాస్త వేసుకోండి" అనే మనిషి ఎదురుగా నిలబడి ఉండడమే అందులోని గౌరవం. బఫేలో ఆ మనిషి లేడు. అతిథి పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడతాడు, గరిటె అతని చేతికో కూలీ చేతికో వెళుతుంది, ఇంటివారు వేదిక మీద ఫొటోలకు నిలబడి ఉంటారు. వడ్డనలో పోయిన మర్యాదను జాబితాలో పూడ్చుకునే ప్రయత్నమే ఇరవై రకాలు. దాన్ని సంప్రదాయం అనడం చరిత్రకు విరుద్ధం.

ఉదాహరణలు తెలుగువారికి కొత్తవి కావు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం నేడు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో రోజూ వేలాదిమందికి జరుగుతోంది. అక్కడ ఆకులో పడేది అన్నం, కూర, పచ్చడి, సాంబారు, చారు, మజ్జిగ, కాస్త చక్కెర పొంగలి. ఈమధ్య వడ చేరింది. అక్కడ భోజనం చేసి వచ్చి ఐటమ్స్ తక్కువయ్యాయని చెప్పిన భక్తుడు ఉండడు. గోదావరి లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరును 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి భోజన పథకానికి పెట్టుకుంది. ఆమె విస్తట్లో ఎన్ని రకాలుండేవో ఎవరూ లెక్కపెట్టలేదు, ఎవరినీ ఆకలితో పంపలేదన్నదే ఆమెను నిలబెట్టింది. తెలంగాణ పల్లెల్లో నేటికీ ఊరంతటినీ పిలిచిన దావతులో బగారా అన్నం, మాంసం కూర ఉంటే విందు నిండినట్టే. పక్కన దాల్చా, అంటే సొరకాయ ముక్కలు వేసి ఉడికించిన పుల్లటి పప్పు, ఉంటే ఇక అడిగేదే లేదు. కోస్తా ఇళ్లలో పులిహోర, గారె, బూరె, పెరుగన్నం కలిస్తే పండుగ. కార్తీక వనభోజనాల్లో ఉసిరిచెట్టు కింద తిన్న నాలుగు పదార్థాలను ఏళ్ల తరబడి తలుచుకునేవారే, ఊళ్లోకి వచ్చి పదిహేను రకాలు లేనిదే పరువు నిలవదంటున్నారు.

రకాల సంఖ్యతో మర్యాదను కొలిస్తే మరొక ఫలితం తప్పదు: ఆ కొలత ఎక్కడా ఆగదు. ఒకరింట్లో పన్నెండు పెడితే పక్కింట్లో పదిహేను, ఆ పై ఇంట్లో లైవ్ దోశ కౌంటరు, ఇంకొకరింట్లో చాక్లెట్ ఫౌంటెన్. అందరూ పెంచుకుంటూ పోయాక ఎవరి మర్యాదా మిగతావారికన్నా పెరగదు, అందరి ఖర్చూ మాత్రం పెరిగి ఉంటుంది. ఈ పందెంలో మొదట దెబ్బతినేది అదే తరగతిలో చదివే చిన్న జీతగాడి పిల్ల. అంతటి విందు పెట్టలేమని ఆ ఇంట్లో పుట్టినరోజే మానేస్తారు, లేదా గొలుసు తాకట్టు పెడతారు. అప్పు చేసి పప్పుకూడు అన్న సామెతను ఎగతాళిగా వాడే సమాజం, అప్పు చేసి పనీరు టిక్కా పెట్టినప్పుడు మాత్రం చప్పట్లు కొడుతోంది.

4. "ఇంట్లో వండే ఓపిక ఎవరికుంది?"

ఈ ప్రశ్న న్యాయమైనది, దీనికి నిజాయితీగా సమాధానం చెప్పాలి. ఆడవాళ్లను మళ్లీ పొయ్యి దగ్గరికి తోలి మగవాళ్లు పొదుపు గొప్పలు చెప్పుకునే పరిష్కారం అంగీకారయోగ్యం కాదు. అయితే ఈ ప్రశ్న రెండే దారులున్నాయని ముందే అనుకుని అడిగింది: ఒకటి ఇంటావిడ వంద మందికి వండడం, రెండోది ఇరవై రకాల క్యాటరింగు. ఈ రెంటి మధ్య ఉన్న దారిని మూసేసింది రకాల సంఖ్యే. అయిదు పదార్థాలైతే ఒక వంటమనిషి, ఇద్దరు సహాయకులు, రెండు గ్యాసు పొయ్యిలు, మూడు గుండిగలతో నాలుగైదు గంటల్లో ముగిసే పని. అపార్ట్‌మెంటు సెల్లారులోనో మేడ మీదనో జరిగిపోతుంది. ఇరవై అయితే చైనీస్ వంటకు ఒక మనిషి, తందూరుకు ఒక మనిషి, చాట్‌కు ఒక మనిషి, ప్రతి గిన్నెకూ ఒక బర్నరూ కావాలి, అప్పుడిక ఏ ఇంటికైనా అది అసాధ్యమే. అసాధ్యమైన జాబితా రాసుకుని, అది ఇంటి దగ్గర అసాధ్యమని నిరూపించడం వాదం అనిపించుకోదు.

వంటమనిషిని కూడా కుదుర్చుకోలేని వారికి మరో పద్ధతి అందుబాటులోనే ఉంది. హైదరాబాదులోనూ ఇతర పట్టణాల్లోనూ బిర్యానీ, బగారా, కూరలు కిలోల లెక్కన వండి పంపేవారు ఉన్నారు. కిలోల లెక్కలో కొనేవారు కొన్నది ఎంతో తెలుసుకుంటారు; పిల్లలు ఎక్కువైతే తూకం తగ్గించమంటారు. కిలో బియ్యం, కిలో మాంసంతో చేసిన బిర్యానీ ఎనిమిది నుంచి పదిమంది పెద్దలకు సరిపోతుందన్న వాడుక లెక్క ఆధారంగా ఎవరి విందుకు వారే కొలత వేసుకోవచ్చు. కేకు విషయంలోనూ అంతే. కోయడానికి కిలో కేకు చాలు; వందమందికీ పంచాలంటే తలకు 50 గ్రాముల చొప్పున 5 కిలోలు కావాలి, అందులో సగం క్రీము కాగితపు పళ్లేలకు అంటుకుని పోతుంది. ఆ డబ్బుతో పాయసం నిండు గిన్నెలతో పోయవచ్చు.

5. "మిగిలితే అనాథాశ్రమానికి పంపుతాం"

వృథా గురించి అడిగిన వెంటనే వచ్చే జవాబు ఇది, అన్నిటికన్నా తక్కువగా ప్రశ్నించబడిన జవాబు కూడా ఇదే. దీనిలో మొదటి లోపం గడియారానిది. సాయంత్రం అయిదింటికి వండి తెచ్చిన పదార్థం రాత్రి విందు ముగిశాక మిగులుగా తేలుతుంది, పదిన్నరకు బండి ఎక్కుతుంది. వండిన ఆహారాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచరాదనీ, వేడిగా ఉంచేదైతే 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లగా ఉంచేదైతే 5 డిగ్రీల లోపు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఈ రెంటి మధ్య ఉన్న వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఇక్కడ కూడా రకాల సంఖ్య పగబడుతుంది. మూతపెట్టిన పెద్ద గుండిగ వేడిని గంటల తరబడి పట్టి ఉంచుతుంది. అదే పరిమాణాన్ని ఇరవై చిన్న పాత్రల్లోకి పంచితే గాలికి తగిలే ఉపరితలం పెరిగి, అన్నీ త్వరగా గోరువెచ్చనవుతాయి. కింద వెలిగించిన చిన్న మంట ఆరిపోయిన సంగతి ఎవరూ చూడరు.

అన్నం విషయంలో ప్రమాదం మరింత స్పష్టం. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం చాలాసేపు గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. ప్రయాణాలకూ గుళ్లకూ పూర్వులు పులిహోరను ఎంచుకున్నది రుచి కోసమే అయి ఉండదు: చింతపండు పులుపు అలాంటి సూక్ష్మజీవుల ఎదుగుదలను అణిచిపెడుతుంది. ఫ్రైడ్ రైస్‌కు ఆ రక్షణ లేదు. పిల్లల విందుల్లో ఇష్టంగా పెట్టే శాండ్‌విచ్, బర్గర్ల లోపలి మయోనైజ్ సంగతి ప్రభుత్వమే తేల్చింది; పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణలో 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించారు.

రెండో లోపం నీతిది. తమ పిల్లలకు పెట్టడానికి సందేహించే వేళకు, సందేహించే స్థితిలో ఉన్న ఆహారాన్ని తల్లిదండ్రులు లేని పిల్లలకు పంపడం దానం అనిపించుకోదు. మిగులు ఆహారం ఎలా సేకరించాలో, ఎలా పంచాలో ఆహార భద్రతా సంస్థ 2019లో నిబంధనలే తెచ్చింది. 2014లో మొదలైన రాబిన్‌హుడ్ ఆర్మీ వంటి స్వచ్ఛంద బృందాలు శ్రమకోర్చి ఆ పని చేస్తున్నాయి. ఆ బృందాలు ఉన్నాయి గనుక రెట్టింపు వండవచ్చు అనడం, ఆసుపత్రి దగ్గరలో ఉంది గనుక అడ్డంగా బండి నడపవచ్చు అనడం లాంటిది. పెట్టాలన్న మనసే ఉంటే అది ముందుగా పెట్టాలి. పుట్టినరోజుల వంటి సందర్భాల్లో బడిపిల్లలకు అదనంగా ఒక మంచి పదార్థమో పూట భోజనమో పెట్టడానికి మధ్యాహ్న భోజన పథకంలోనే తిథి భోజనం పేరుతో వెసులుబాటు ఉంది. విందు జాబితాలో ఎనిమిది రకాలు కొట్టేస్తే మిగిలే 12,000 రూపాయలతో ఒక చిన్న బడి పిల్లలందరికీ మధ్యాహ్నం పన్నెండున్నరకే, పొయ్యి మీంచి దించిన వేడితో, గుడ్డుకూరా పాయసమూ పెట్టవచ్చు.

6. "చదివింపుల్లో తిరిగి వచ్చేస్తుంది"

దీనికి ఎక్కువ మాటలు అక్కరలేదు. చదివింపులు పుస్తకంలో పేరుపేరునా రాసుకునేది ఎందుకో అందరికీ తెలుసు: అవతలివారింట్లో శుభకార్యం వచ్చినప్పుడు అంతకు తగ్గకుండా తిరిగి పెట్టడానికి. తిరిగి ఇవ్వవలసినదాన్ని రాబడిలో వేసుకునే లెక్క ఏ దుకాణంలోనూ చెల్లదు. పైగా రిటర్న్ గిఫ్టుల పేరుతో వచ్చినదాంట్లో కొంత అక్కడికక్కడే వెనక్కి పోతోంది.

7. "పిల్లవాడి సంతోషం కోసమే కదా ఇదంతా"

చివరి ఆశ్రయం ఇది. దీన్ని పరీక్షించడానికి విందు కార్యక్రమాన్ని పిల్లవాడి ఎత్తు నుంచి చూస్తే చాలు. ఆరున్నరకు రమ్మన్న పిల్లలు ఆరున్నరకే వస్తారు. స్టార్టర్ల పేరుతో ఒక గుప్పెడు చిప్స్ తిని, ఒక కూల్‌డ్రింకు తాగుతారు. పెద్దమనుషులు వచ్చేదాకా, ఫొటోగ్రాఫరు తృప్తి పడేదాకా కేకు కోయడం ఎనిమిదిన్నరకు జరుగుతుంది. తొమ్మిదికి కౌంటర్లు తెరిచేసరికి సగం మంది పిల్లలు ఆకలి చచ్చి నిద్రకు వాలిపోయి ఉంటారు, పుట్టినరోజు పిల్లవాడు షేర్వాణీ బిగుతుకు ఏడుస్తుంటాడు. కౌంటర్లన్నీ ఒకేసారి సిద్ధం కావాలి గనుక, అన్ని రకాలూ వేడిగా అమరితే తప్ప తెరవడం పరువు తక్కువ గనుక ఈ ఆలస్యం. అయిదు పదార్థాల విందులో ఏడింటికే పిల్లల బంతి వేసి, చిన్న ఆకుల్లో కొద్దికొద్దిగా వడ్డించి, అడిగినవారికి మారు వేసి, ఏడున్నరకు ఆటకు వదలవచ్చు. కేకు ఎప్పుడు కోసినా అప్పుడు తేడా రాదు. పెద్దలు రెండో బంతికి కూర్చుంటారు, వడ్డనకు ఇంటివారే నిలబడతారు.

క్యాటరరును పిలిచిన ఇల్లయినా సరే, అతను తెచ్చిన రంగుల జాబితాను పక్కన పెట్టి మొదట మూడు విషయాలు అడగాలి: పెద్దలకూ పిల్లలకూ విడివిడిగా ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని కిలోల కూర లెక్క వేశావు, ఏ వేళకు పొయ్యి మీంచి దించుతావు, పిల్లల బంతి ఏడింటికి వేయగలవా? ఈ మూడింటికీ జవాబు చెప్పలేక, "ఇంకో రెండు ఐటమ్స్ ఫ్రీగా వేస్తాను" అనే మనిషికి అడ్వాన్సు ఇవ్వనక్కరలేదు.